థియేటర్ల కూడా ఊరూ వాడా

ఆపరేషన్ థియేటర్లో కులం ఉండదని ఒక డాక్టరు మా చెల్లెతోని అన్నడట. "అందరం ఒకటే రంగు బట్టలేస్కుంటం, అందరి మూతికీ మాస్కే, ఇంక కులమేడిదమ్మా" అని. ఆయన మంచివాడే, ఆయన సంగతి ముందుకు చెప్పుత. కానీ ఆ గదిలో ఎవరు ఎక్కడ నిలబడుతరో, ఎవరి చెయ్యి దేన్ని ముట్టొచ్చో ఒక్కసారి లెక్క తీయండి. నెత్తురు గుడ్డలు లెక్కపెట్టే చెయ్యి, మూత్రం సంచి కొలిచే చెయ్యి, కక్కితే సక్షన్ పెట్టే చెయ్యి, మత్తుమందును సీసాలకెల్లి సిరంజిలకు లాగి, దానిమీద పేరు రాసి, తట్టల పెట్టి అందించే చెయ్యి, ఇవన్నీ నర్సుయి. మనిషిని నిద్రపుచ్చేటందుకు ఆ సిరంజి వత్తే బొటనవేలు మాత్రం నర్సుది కావద్దు. ఎట్ల వత్తాలె, ఎంత వత్తాలె, ఊపిరి ఆగితే ఏం చేయాలె అని పూర్తిగా నేర్పి, నీ పనే ఇది అని పట్టా ఇచ్చే బడి ఈ దేశంలో నర్సుకు లేదు.

ఎమ్మెస్సీ నర్సింగ్ ఉన్నది. అందులో పిల్లల జబ్బులు, కానుపులు, మానసిక రోగాలు, ఊరి ఆరోగ్యం అన్నీ ఉన్నయి. ఆపరేషన్ రూమ్ నర్సింగ్ అని ఏడాది డిప్లొమా ఉన్నది. అంటే థియేటర్ల నిలబడే చదువున్నది, అందించే చదువున్నది, మత్తు ఇచ్చే చదువు లేదు. గుడికి రాళ్లు మోయొచ్చు, గుడి ముందట డప్పు కొట్టొచ్చు, గర్భగుడిల అడుగు పెట్టొద్దు. ఈ పద్ధతి మాకు కొత్తదా?

నేను సర్కారు బడిల టీచర్ని. కల్వకుర్తి దిక్కు ఒక హైస్కూల్ల జీవశాస్త్రం చెప్పుత. 2016ల జిల్లాలు విడగొట్టినంక కల్వకుర్తి నాగర్‌కర్నూలుకు పోయింది గానీ మాకు ఇప్పటికీ అది పాలమూరే. నా సొంతూరు దేవరకొండ దిక్కు. మాదిగోళ్లం. మా నాయిన పటేలు కాడ జీతమున్నడు, అది చాలక అవ్వతో కలిసి బొంబాయి, భివండి పోయి మట్టి మోసిండు. మా వంశంల డిగ్రీ పట్టా చేతబట్టిన మొదటి మనిషిని నేను. రెండో మనిషి మా చెల్లె. ఆమె నర్సు. ఆమె మత్తు చదువు చదవాలని పదేండ్ల నుంచి తిరుగుతున్నది. ఆ తిరుగుడు గురించే ఈ వ్యాసం.

నర్సు పని మాకెట్ల వచ్చిందో ముందు చెప్పాలె. మా నాయినమ్మ మంత్రసాని. పటేండ్ల ఇంట్ల అర్ధరాత్రి నొప్పులు మొదలైతే లాంతరు పట్టుకొని జీతగాడు వాడకు వచ్చేటోడు. బిడ్డ అడ్డం తిరిగిందా, తల దిగిందా, మాయ పడ్డదా లేదా, ఆమె చేతితోని చూసి చెప్పేది. బొడ్డు కోసి, తల్లిని కడిగి, మైలగుడ్డలు మూటగట్టుకొని బయటికి రాంగనే ఆ ఇంటిని అలికి పసుపునీళ్లు చల్లుకునేటోళ్లు. బిడ్డ బయటపడేదాక ఆమె చెయ్యి కావాలె, బిడ్డ పడ్డంక ఆ చెయ్యే మైల. అగ్రవర్ణాల ఆడబిడ్డలు చాలాకాలం నర్సు పనికి ఎందుకు రాలేదు? పరాయి మనిషి ఒళ్లు, నెత్తురు, మలమూత్రం ముట్టాలె గనుక. మిషన్ దవఖానలు పెట్టినప్పుడు ఆ పనికి ముందుకు పోయినోళ్లల్ల కొత్తగా క్రైస్తవం తీసుకున్న మాల మాదిగ ఆడపిల్లలే ఎక్కువ. మా దిక్కు జడ్చర్ల మిషన్ దవఖాన పేరు తెలియని ముసలోళ్లు లేరు. మా నాయినమ్మ తెలివికి సర్టిఫికెట్ లేదు. మా చెల్లెకు సర్టిఫికెట్ ఉన్నది. మధ్యల డెబ్భై ఏండ్లు గడిచినయి, కానీ ఏది ముట్టాలె, ఏది ముట్టొద్దు అని చెప్పేటోడు ఇంకా ఉన్నడు.

మత్తు చదువు మన నేలకు పరాయిదని ఎవరన్నా అంటే వాళ్లకు హైదరాబాదు చరిత్ర తెలియదు. 1888లో, మళ్లా 1889లో క్లోరోఫామ్ మీద ప్రపంచమంతా చెప్పుకున్న రెండు కమిషన్లు హైదరాబాదులోనే కూర్చున్నయి. ఎడ్వర్డ్ లారీ అనే రెసిడెన్సీ సర్జన్ నడిపిండు. రెండో కమిషన్‌కు లండన్ నుంచి లాడర్ బ్రంటన్ అనే డాక్టర్ని పిలిపించేటందుకు ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ వెయ్యి పౌండ్లు ఇచ్చిండు. పాలమూరుకు 1890లో పెట్టింది ఆ మహబూబు పేరే. కుక్కల మీద, కోతుల మీద వందల ప్రయోగాలు చేసి, క్లోరోఫామ్ ఇచ్చినప్పుడు గుండెకంటే ముందు ఊపిరి ఆగుతది, ఊపిరిని కనిపెట్టుకొని ఉండండి అని తేల్చిండ్రు. (ఆ తేల్చింది పూర్తిగా నిజం కాదని, క్లోరోఫామ్ గుండెను నేరుగానే ఆపగలదని 1911లో గుడ్‌మన్ లెవీ చూపించిండు. పెద్ద డాక్టర్లు గూడ తప్పుతరన్నమాట.) ఆ లారీ దగ్గర, హైదరాబాదు మెడికల్ స్కూల్లో చదివి 1889లో బయటికొచ్చిన రూపాబాయి ఫర్దూన్జీని ప్రపంచంలో మొదటి మహిళా అనస్తీషియా డాక్టర్ అని చెప్పుకుంటరు. పార్సీ ఆమె. గొప్ప మనిషి, నాకు ఆమె మీద ఫిర్యాదు లేదు. నేను అడిగేది వేరే. ఆ బల్లల దగ్గర రోగి చేతులు పట్టుకున్నదెవరు, నెత్తురు తుడిచిందెవరు, ప్రయోగాలకు తెచ్చిన జంతువులను కట్టిందెవరు, చచ్చినంక ఎత్తి పారేసిందెవరు? కుక్క ఊపిరి ఏ నిమిషంల ఆగిందో రాసి పెట్టిన కాగితాలున్నయి. ఈ మనుషుల పేర్లు ఏ పాఠంల ఉన్నయి?

మా చెల్లె 2010లో బీఎస్సీ నర్సింగ్‌ల చేరింది. ఫీజు రీయింబర్స్‌మెంట్ మీద. చదువు అయిపోయినంక సర్కారు బాకీ ఉన్నదని కాలేజీ వాళ్లు సర్టిఫికెట్లు ఆపిండ్రు. సర్కారుకూ కాలేజీకీ మధ్య పంచాయితీ అయితే తాకట్టు పెట్టింది మాత్రం మాదిగ పిల్ల కాగితాలను. మా అవ్వ పుస్తెలగుండ్లు అమ్మి విడిపించింది. తర్వాత హైదరాబాదుల ఒక కార్పొరేట్ ఆసుపత్రిల ఐసియుల, ఆ తర్వాత అదే ఆసుపత్రి థియేటర్ల కలిపి ఆరేండ్లు చేసింది. రెండు థియేటర్లకు ఒక్క మత్తు డాక్టరు. ఈ బల్ల మీద మనిషిని నిద్రపుచ్చి ఆ బల్ల దగ్గరికి ఉరికేటోడు. "సిస్టర్, చూస్తుండు" అనేటోడు. చూసుడంటే ఏంది? మానిటర్ మీద ఆక్సిజన్ అంకె పడిపోతున్నదా, గొట్టంల శబ్దం మారుతున్నదా, చెమట పడుతున్నదా, కన్ను చెమ్మగిల్లుతున్నదా, ఇవన్నీ కనిపెట్టుడే గదా మత్తు చదువుల సగం. ఆమె చూసింది. కేస్ షీట్ల సంతకం ఇంకొకరిది. బిల్లుల అనస్తీషియా ఫీజు ఇంకొకరిది. ఏదన్నా అయితే "నర్సు నిర్లక్ష్యం" అని పేపర్ల వచ్చేది మాత్రం ఎవరి గురించో నేను చెప్పాల్న?

ఆ రోజుల్లనే ఆమెకు తెలిసింది, అమెరికాల నర్సులే మత్తు ఇస్తరని. నూరేండ్లకు పైబడ్డ సంగతది. మేయో అన్నదమ్ముల దవఖానల ఆలిస్ మెగా అనే నర్సు పద్నాలుగు వేలకు పైగా మనుషులకు మత్తిచ్చి, మత్తు వల్ల ఒక్కరూ చావలేదని 1906లో లెక్క అచ్చు వేసింది. డాక్టర్లు ఊకుంటరా? కాలిఫోర్నియాల డాగ్మర్ నెల్సన్ అనే నర్సు మీద కోర్టుకు పోయిండ్రు, లైసెన్సు లేకుండ వైద్యం చేస్తున్నదని. 1936లో అక్కడి సుప్రీం కోర్టు నర్సు దిక్కే తీర్పు చెప్పింది. ఇంకొక్క పేరు మనం యాది పెట్టుకోవాలె. 1958 సెప్టెంబర్ 20న హార్లెంల మార్టిన్ లూథర్ కింగ్‌ను ఒకామె ఉత్తరాలు కోసే కత్తితో ఎదల పొడిచింది. హార్లెం ఆసుపత్రిల ఆపరేషన్ జరుగుతుంటే ఊపిరి సంచిని చేత్తో వత్తి ఆయన ఊపిరిని నిలబెట్టిన వాళ్లల్ల గోల్డీ బ్రాంగ్‌మన్ అనే నల్లజాతి నర్సు ఉన్నది. ఆమె 1973లో ఆ దేశపు నర్స్ అనస్తీషియా సంఘానికి అధ్యక్షురాలైంది, ఆ కుర్చీల కూర్చున్న మొదటి నల్లజాతి మనిషి. పాంథర్స్ పేరు తెచ్చుకున్నం, నల్ల కవిత్వం తెచ్చుకున్నం. కింగు ప్రసంగాలు మన పిల్లలకు నోటికొస్తయి. కింగుకు ఊపిరి పోసిన నర్సు గురించి ఏ సభలనైనా విన్నమా?

చెల్లె దరఖాస్తుకు దిగింది. ముందు ఆ దేశపు నర్సు లైసెన్సు కావాలె. దానికి చదువు కాగితాలన్నీ సీలు వేసి పోవాలె. పేరు కాడనే ఆగింది. మా అవ్వ పెట్టింది ఊరి దేవత పేరు. బడిల చేర్పించిననాడు సారుకు ఆ పేరు మోటుగ అనిపించి, తనకు తోచిన నాజూకు పేరు రాసుకున్నడు. పదో తరగతి మెమోల ఆ పేరు, ఆధార్ల దేవత పేరు, కులం సర్టిఫికెట్ల రెండూ కలిసి. ఇద్దరూ ఒక్కటే మనిషి అని నోటరీ కాడ, తహశీల్ కాడ, కాలేజీ కాడ రుజువు చేసుకునేటందుకు ఏడు నెలలు. ఎన్‌క్లెక్స్ పరీక్షకు రెండువందల డాలర్లు, బయటి దేశంల రాస్తే ఇంకో నూటయాభై. అప్పటికి ఆమె నెల జీతం పద్దెనిమిది వేలు. 2021లో హైదరాబాదుల రాసింది, మొదటిసారికే పాసైంది. మా ఇంట్ల ఆ రాత్రి కోడి కోసినం.

ఇంక మత్తు చదువుకు దరఖాస్తు. మూడు సిఫారసు ఉత్తరాలు, మార్కుల లెక్క వాళ్ల పద్ధతిల మార్చుడు, ఎందుకు ఈ చదువు అని రెండు పేజీల వ్యాసం. ఆ వ్యాసం నేనూ ఆమే వాట్సాప్‌ల రాసుకున్నం, నా ఇంగ్లీషు ఆమెకంటే నయమేం కాదు. ఒక కాలేజీ నుంచి జవాబు వచ్చింది, మర్యాదగనే. మీ ఐసియు అనుభవం మాకు లెక్కకు రాదు అని. అక్కడి కాలేజీలకు గుర్తింపు ఇచ్చే కౌన్సిల్ నిబంధన అట్ల ఉన్నది. ఏడాది ఐసియు అనుభవం ఉండాలె, అది అమెరికాలనో, దాని కింది దీవుల్లనో, లేకుంటే బయట ఎక్కడన్నా ఉన్న అమెరికా మిలిటరీ ఆసుపత్రిలనో అయి ఉండాలె. అర్థమైందా మిత్రులారా? మిలిటరీ జెండా ఉంటే ప్రపంచంల ఏ మూలనైనా అనుభవమే. హైదరాబాదుల ఆరేండ్లు మాత్రం సున్న. పోనీ నర్సుగా పోయి అక్కడ ఏడాది చేద్దామంటే, ఇండియావాళ్లకు ఆ వీసా వరుస పదేండ్లు దాటింది.

చెల్లెతోని చదివిన ఒకామె మాత్రం పోయింది. సూర్యాపేట దిక్కు పిల్ల, నీళ్లు పారే భూమి ఉన్నోళ్లు. మొగుడు సాఫ్ట్‌వేర్, హెచ్-1బి. అట్లాంటోళ్ల భార్యలల్ల కొందరికి 2015 నుంచి పని చేసుకునే పర్మిట్ ఇస్తున్నరు. ఆ పర్మిట్ మీద ఐసియుల రెండేండ్లు చేసి, ఇప్పుడు మత్తు చదువుల మూడో ఏడు. ఆమె మీద నాకు కోపం లేదు, కష్టపడే పిల్ల. ఆదివారాలు ఫోన్ చేస్తది. చదువు ముప్పై ఆరు నెలలు, 2022 నుంచి చేరినోళ్లందరికీ డాక్టరేట్ పట్టా. ఫీజు లక్ష డాలర్లు దాటింది, నౌకరీ చేసుకుంట చదివే వీలు లేదు. మొదటి ఏడు శరీరధర్మం, మందుల శాస్త్రం, మత్తు మిషన్‌ను విప్పి మళ్లీ బిగించుడు, బొమ్మ మనిషి గొంతుల ట్యూబు వేసుడు. తర్వాత పొద్దున అయిదు గంటలకే థియేటర్ల ఉండాలె, ఒక్కొక్క కేసుకూ ముందురాత్రే కాగితం మీద ప్రణాళిక రాసి పెద్దామెకు చూపించాలె. పట్టా చేతికి రావాలంటే ఆరువందలకు పైగా కేసులు, రెండువేల గంటలు. "నీ చెయ్యి నాకంటే నయం, నువ్వు వస్తే ఏడాదిల నేర్చుకుంటవు" అని ఆమె మా చెల్లెతోని అంటది. ఆ మాటకు చెల్లె ఏమనదు. ఫోన్ పెట్టేసినంక గిన్నెలు తోముతది.

ఇక్కడ మన పెద్దలు అనే మాట ఒకటున్నది. "మత్తంటే సూది కాదు, ప్రాణం. నర్సు చేతుల పెడితే పేదోళ్లే చస్తరు." ప్రాణమే. అందుకే చదువు అడుగుతున్నం, సూది అడుగుతలేం. పల్లె దవఖానల్ల మత్తు డాక్టర్లు లేక సిజేరియన్లు ఆగిపోతున్నయని గ్రామీణ ఆరోగ్య మిషన్ రోజుల్ల సర్కారు ఏం చేసింది? ఎంబీబీఎస్ డాక్టర్లకు పద్దెనిమిది వారాల శిక్షణ ఇచ్చి, కానుపు ఆపరేషన్లకు మత్తు ఇయ్యుమన్నది. మంచి పనే, తల్లులు బతికిండ్రు. కానీ పద్దెనిమిది వారాలల్ల ఎంబీబీఎస్‌కు వచ్చే చదువు, పదేండ్లు థియేటర్ల నిలబడ్డ నర్సుకు మూడేండ్లు నేర్పినా రాదా? పక్కనున్న నేపాల్ స్టాఫ్ నర్సులకు, హెల్త్ అసిస్టెంట్లకు ఏడాది శిక్షణ ఇచ్చి కొండల్ల మత్తు ఇప్పిస్తున్నది. స్వీడన్ల, ఫ్రాన్స్‌ల నర్సులు చేస్తున్నరు. మన దగ్గర గూడ దారి తెరవాలనుకుంటే తెరుస్తరు. 2017లో తెలంగాణ నర్సులకు పద్దెనిమిది నెలలు కానుపుల శిక్షణ ఇచ్చి మిడ్‌వైఫ్‌లను చేసింది. అంతకు ముందే నర్సింగ్ కౌన్సిల్ క్రిటికల్ కేర్‌ల రెండేండ్ల రెసిడెన్సీ పీజీ పెట్టింది. మత్తు కాడికి వచ్చేసరికే ప్రాణం గుర్తొస్తది. బీఎస్సీ అనస్తీషియా టెక్నాలజీ ఉన్నది గదా అంటరు. ఇంటర్ పిల్లలతోని కూసొని మొదటి నుంచి చదవాలె, చదివినంక గూడ టెక్నీషియనే, మళ్లీ అందించుడే.

చెల్లెకు 2024 జనవరి 31న సర్కారు నౌకరీ వచ్చింది, ఎల్బీ స్టేడియంల దాదాపు ఏడువేల మంది స్టాఫ్ నర్సులకు ఒక్కరోజే కాగితాలిచ్చిన నాడు. మా ఉమ్మడి జిల్లాలనే పోస్టింగు. ఆ ఎండకాలం మర్రిగూడ దిక్కునుంచి ఒక ముసలామెను తెచ్చిండ్రు, తొంటి విరిగి. మర్రిగూడ అంటే ఫ్లోరైడు నీళ్లు. మా చెల్లె ఆమెను బల్ల మీదికి ఎక్కించకముందే చూసింది, మెడ తిప్పమంటే మనిషంతా తిరుగుతున్నది, కాళ్లు విల్లు లెక్క వంగినయి, ఉన్న నాలుగు పండ్ల మీద గోధుమరంగు గీతలు. నడుముల సూది దిగదు, ఎముకల మధ్య ఉండే పట్టీలు సున్నం పట్టి గట్టిపడి ఉంటయి. గొంతుల ట్యూబు వేద్దామంటే మెడ వెనక్కి వంగదు. మత్తు డాక్టరు పట్నం నుంచి కొత్తగా వచ్చినాయన, ఫ్లోరైడు మనుషులను పుస్తకంల చూసినోడు. "సార్, ఈ పెద్దమ్మకు నడుము సూది పనిజేయకపోవచ్చు, కెమెరా ఉన్న లారింగోస్కోప్ తెప్పించుకొని మొదలు పెడదాం" అన్నది. ఆయన విన్నడు. రెండుసార్లు పొడిచి చూసిండు, ఎముకే తగిలింది. ముందే తెప్పించి పెట్టిన సామానుతో ట్యూబు వేసిండు. ముసలామె వారానికి ఇంటికి పోయింది. థియేటర్ల కులమేడిదమ్మా అన్నది ఈ డాక్టరే, "నువ్వు ఎండీ చేయాల్సిన మనిషివి" అన్నది గూడ ఈయనే. సిఫారసు ఉత్తరం తెల్లారే రాసిచ్చిండు. ఏ చదువుకు ఇస్తున్నడో పై గడిల రాయాలె గదా. ఆ గడి ఖాళీగ ఉన్నది.

మన సంఘాలతోని గూడ నాకు పేచీ ఉన్నది. మెడికల్ సీట్లంటే మనకు ఎంబీబీఎస్ సీట్లే. కౌన్సెలింగ్ రోజు రోస్టర్ పాయింట్లు లెక్కపెడుతం, ఒక్క సీటు పోతే ధర్నా చేస్తం, చేయాలె. నర్సింగు కాడికి వస్తే మన మొగోళ్లే "నర్సు పిల్లనా, రాత్రి డ్యూటీలు, బెడ్‌పాన్లు" అని సంబంధం వెనక్కి తిప్పుతరు. మా చెల్లెకు అట్ల రెండు సంబంధాలు పోయినయి, రెండూ ఉద్యమంల ఉన్న ఇండ్లే. మైల అనే మాట మనం నోటితోని అనం, పెండ్లి చూపుల్ల అంటం. 2025 ఏప్రిల్ 14 నుంచి ఇక్కడ వర్గీకరణ అమలైంది. దండోరా మొదలైన ముప్పై ఏండ్లకు మా వాటా కాగితం మీదికి వచ్చింది, తొమ్మిది శాతం గుంపుల ఉన్నం. ఎంతమంది చచ్చి తెచ్చుకున్న కాగితమో నాకు తెలుసు. కానీ లేని కోర్సుల తొమ్మిది శాతం అంటే ఎన్ని సీట్లు అన్నలారా? ఉన్న తలుపుల కాడనే నిలబడి వాటా అడుగుతున్నం. తలుపే పెట్టని గోడలున్నయి, అవి కట్టినోళ్లకు మన కొట్లాటల భయమే లేదు.

2016లో పాలమూరుకు, 2019లో నల్లగొండకు, సూర్యాపేటకు, తర్వాత నాగర్‌కర్నూలుకు, వనపర్తికి మెడికల్ కాలేజీలు వచ్చినయి. థియేటర్లున్నయి, మత్తు చెప్పే ప్రొఫెసర్లున్నరు, రాత్రింబగళ్లు పనిజేసే నర్సులున్నరు. ఇంకేం కావాలె? ఈ ఎండకాలం సెలవుల్ల చెల్లె, నేను, ఇంకా ఇరవైమంది స్టాఫ్ నర్సులు కూసొని ఒక దరఖాస్తు రాసినం. నర్సులకు అనస్తీషియాల రెసిడెన్సీ పీజీ పెట్టాలని. థియేటర్ల, ఐసియుల చేసిన సర్కారు నర్సులను జీతం ఆపకుండ పంపాలని. మొదటి ఏండ్లల్ల మత్తు డాక్టర్ల కిందనే చేస్తం, ఎన్ని కేసులు చూడాలో, ఎన్ని గంటలు నిలబడాలో మీరే రాయండి, రాసినంక పరీక్ష పెట్టండి అని. సీట్లు రోస్టర్ ప్రకారం నింపాలని. ఇంగ్లీషుల కాదు, తెలుగులనే రాసినం, ఎవరు చదివినా అర్థం కావాలని.

హైదరాబాదుల ఆఫీసుకు చెల్లె నైట్ డ్యూటీ దిగి పోయింది. లోపల కూర్చున్నాయన రెండుసార్లు చదివి, "ఇట్లాంటి కోర్సు లేదమ్మా" అన్నడట. "లేదని తెలుసు సార్, అందుకే రాసినం" అన్నది. ముద్ర కొట్టి ఒక కాపీ ఆమెకిచ్చిండు. దాని మీద ఇన్‌వర్డ్ నంబరు, తారీకు ఉన్నయి. ఇంకొక కాపీ నా దగ్గరున్నది, సంతకాల పేజీ కింద సగం ఖాళీగనే ఉన్నది. కావాలన్న నర్సులకు, సంఘాలకు జిరాక్స్ తీసి పంపుత.